బొగ్గుపెట్టెలో కూత

ఇంజన్ బాగానే ఉంది, తిరుగుతుంది.
కూత మాత్రం ఇంజన్లో ఉండదు,
వెనకాల వచ్చే బొగ్గుపెట్టెలో ఉంటుంది.
ఈ సంగతి నాకూ ఆ రోజే తెలిసింది.

చిలకలగూడలో మాది మోటారు వైండింగ్ షాపు.
సీలింగ్ ఫ్యాన్లు, మిక్సీలు, ఎండాకాలం కూలర్ పంపులు.
పట్టాల మీద పోయే బండ్లు రోజూ మా రేకుల్ని అదిరిస్తాయి,
వాటి కూత నాకు వినబడడం ఎప్పుడో మానేసింది.
బొమ్మలు పట్టను.
కానీ మునవ్వర్ సాబ్ పాత తువ్వాలులో చుట్టి తెచ్చి
కౌంటర్ మీద దించిన తీరు చూసి
వద్దనడానికి నోరు రాలేదు.
"కూస్తలేదమ్మా. చిన్నప్పుడు నేనే పడేసిన," అన్నాడు,
నిన్న పడేసినట్టు.

మూత విప్పితే అగ్గిపెట్టెంత మోటారు,
దానికో రేకు పంఖా,
పక్కన వెదురు కణుపంత డబ్బా. అంతే.
పంఖా ఊదాలి, డబ్బా పలకాలి.
తీగలు తాకించాను. పంఖా కదల్లేదు.
మసిబారిన రాగిని కిరసనాయిలుతో తుడిచాను.
అరిగిపోయిన కార్బన్ బ్రష్షుకి బదులు
మిక్సీ బ్రష్షును ఉప్పుకాగితం మీద రుద్ది రుద్ది
పెసరగింజంత చేశాను.
కుట్టుమిషను నూనె, సూదిమొన మీద నిలిచేంత, ఒక్క చుక్క.
రిలే పత్తీల మధ్య సిటీబస్సు టికెట్టు దూర్చి లాగితే
నల్లగా వచ్చింది.
ఈసారి పంఖా తిరిగింది, తుమ్మెదలా.
కూత లేదు.
"హుఁ" అని ఒక ఊపిరి,
జలుబు చేసినవాడు పిల్లనగ్రోవి ఊదినట్టు.

మా నాన్న అనేవాడు:
తిరగని మోటారు కంటే
తిరిగీ పనిచేయని మోటారు మొండిది.

గాలి ఎక్కడో పోతోందనుకున్నాను.
సైకిల్ ట్యూబు కోసి వాషరు వేశాను.
అతుకు మీద సబ్బునురగ రాసి చూశాను, బుడగ లేదు.
గాలి ఎక్కడికీ పోవడం లేదు.
అదే కదా జబ్బు.
గాలి ఎక్కడికీ పోవడం లేదు.

సాయంత్రం కరెంటు పోయింది.
ఫోను లైటు డబ్బా నోట్లోకి వేసి చూశాను,
డాక్టరు పిల్లాడి గొంతు చూసినట్టు.
లోపల ఏదో, పాలిపోయి.
గుండుసూది వంచి లాగితే వచ్చింది
చిటికెనవేలి కొసంత దూది.
గట్టిపడి ఉంది.
కాలిన వార్నిష్ వాసన ఎన్నడూ వదలని నా షాపులో
సన్నగా, పాతగా, హీనా అత్తరు.

దూది తనంతట తాను నడిచిరాదు.

మునవ్వర్ సాబ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని
కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.
వాళ్ళ అబ్బా సికింద్రాబాద్ యార్డులో పాయింట్స్‌మన్.
రాత్రంతా నిజం బండ్ల కూతలు.
తెల్లారాక రెండు చెవుల్లో అత్తరు దూది పెట్టుకుని
గోడవైపు తిరిగి పడుకునేవాడట.
"ఒకనాడు ఒక్క చెవిలనే ఉండె.
రెండోది ఏదని అమ్మీని అడిగిన. నవ్వింది.
గా వారమే రైలు నా చేతిలకెల్లి జారింది.
నేనే ఖరాబ్ చేసిన అనుకున్న.
నలభై ఆరేండ్లు."

నేను స్క్రూలు లెక్కపెట్టుకున్నాను. నాలుగే.
మళ్ళీ లెక్కపెట్టాను.

కరెంటు వచ్చింది. తీగలు ఆయన చేతికే ఇచ్చాను.
కూసింది.
కొంచెం బొంగురుగా, రెండు స్వరాలు ఒకదానికొకటి అతకకుండా,
అయినా పక్క బండి దగ్గర
దోసె తిరగేస్తున్న నర్సింలు తల తిప్పేంత గట్టిగా.

మునవ్వర్ సాబ్ ఉలిక్కిపడి తీగ వదిలేశాడు,
లోపలి గదివైపు చూశాడు.

మా షాపుకి లోపలి గది లేదు.
గోడ ఉంది.
గోడకి ఆనించి, ఎవరూ తీసుకుపోని ఫ్యాన్ల రెక్కలు.